లెస్టర్‌షైర్ కంట్రీ పార్కులు: ఊరి నుంచి వచ్చిన పెద్దలతో, చిన్నపిల్లలతో ఒక రోజు గడపడానికి ఏది మేలు?

గోదావరిగట్టు (లఫ్‌బరో)

సభ్యులందరికీ నమస్కారం. సెప్టెంబరు చివరి వారంలో మా అత్తగారు, మామగారు రాజమహేంద్రవరం నుంచి వస్తున్నారు. లండన్, స్ట్రాట్‌ఫర్డ్ వంటివి ఎలాగూ చూపిస్తాము గాని, వారాంతాల్లో ఇంటికి దగ్గరగా, ఖర్చు లేకుండా, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అందరూ కలిసి గడపగలిగే చోట్ల గురించి అడుగుతున్నాను. మామగారు రోజూ తెల్లవారకముందే గట్టు మీద నడకకు వెళ్లే మనిషి కనుక ఆయనకు ఎంత దూరమైనా ఫరవాలేదు. అత్తగారికి మాత్రం మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే నెమ్మదిగా నడుస్తారు, ఎక్కుడు దిగుడు ఉంటే కూర్చుండిపోతారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, ప్రతిదానికీ ఎందుకని అడిగే వయసు. బాబుకు మూడేళ్లు, వాడు తోపుడు కుర్చీలో ఉంటాడు, పైగా కుక్కలంటే హడలిపోతాడు. ఈ నలుగురికీ ఒకేసారి సరిపడే కంట్రీ పార్కు (ఊరి వెలుపల జనం తిరగడానికి వదిలిన పెద్ద ఆరుబయలు పార్కు) మన లెస్టర్‌షైర్ జిల్లాలో ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పాతకాపు (లెస్టర్)

ఉంది. అది బ్రాడ్‌గేట్ పార్కు. అయితే ఏ ద్వారం నుంచి లోపలికి వెళ్తారన్న దాని మీదే మీ రోజు ఎలా గడుస్తుందన్నది ఆధారపడి ఉంటుంది కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను.

పార్కుకు న్యూటౌన్ లిన్‌ఫోర్డ్, హాల్‌గేట్స్, హంట్స్ హిల్ అని మూడు వైపులా కార్ పార్కింగులు ఉన్నాయి. ప్రవేశ రుసుము లేదు, పార్కింగుకు మాత్రం డబ్బు కట్టాలి. చాలామంది పార్కులోని కొండ మీద ఉన్న ఓల్డ్ జాన్ బురుజు ఫొటోలు చూసి, దానికి దగ్గరని హంట్స్ హిల్ వైపు వెళ్తారు. అత్తగారు మీతో ఉన్న రోజున ఆ వైపు వద్దు. అక్కడ దిగగానే గుట్ట ఎక్కాలి, చెట్ల చాటు తక్కువ, గాలి ముఖాన కొడుతుంది. న్యూటౌన్ లిన్‌ఫోర్డ్ ఊరి వైపు నుంచి వెళ్తే, లిన్ అనే చిన్న ఏరు పక్కనే తారు వేసిన బాట దాదాపు చదునుగా సాగి, పార్కు మధ్యనున్న శిథిలాల మీదుగా హాల్‌గేట్స్ వైపు పోతుంది. తోపుడు కుర్చీకి ఇబ్బంది లేదు. ఏటి ఒడ్డున గడ్డి మీద దుప్పట్లు పరచుకుని కూర్చునే కుటుంబాలు ఎండ కాసిన రోజున వరుసగా కనిపిస్తాయి. అత్తగారు, బాబు అక్కడ ఉంటే మామగారు, అమ్మాయి కొండ ఎక్కి రావచ్చు.

ఆ శిథిలాలు బ్రాడ్‌గేట్ హౌస్‌వి. ఇంగ్లండులో రాతికోటల కాలం వెనకబడి, ఇటుకలతో పెద్ద భవనాలు కట్టడం మొదలైన తొలి రోజుల నాటి కట్టడం అది. 1553 జూలైలో తొమ్మిది రోజుల పాటు మాత్రమే రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రే చిన్నతనం ఇక్కడే గడిచింది. ఇక్కడే పుట్టిందని కూడా స్థానికులు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. 1554 ఫిబ్రవరిలో లండన్ టవర్‌లో ఆమె తల నరికించినప్పుడు, ఆ దుఃఖంతో ఇక్కడి ఓక్ చెట్ల తలలు కూడా నరికేశారని ఒక కథ ఉంది. తలలు లేని ముసలి ఓక్ చెట్లు ఇప్పటికీ పార్కులో ఉన్నాయి. వంటచెరకు కోసం చెట్ల పైకొమ్మలను నరకడం ఆ కాలంలో మామూలు పద్ధతే కనుక కథ నిజం కాకపోవచ్చు గాని, తొమ్మిదేళ్ల పిల్లకు చెప్పడానికి దీనికి మించినది దొరకదు.

800 ఎకరాలకు పైబడిన ఈ నేలను 1928లో చార్లెస్ బెన్నియన్ అనే పారిశ్రామికవేత్త కొని లెస్టర్‌షైర్ ప్రజలకు శాశ్వతంగా ఇచ్చేశాడు. ఆయన బూట్ల తయారీ యంత్రాల వ్యాపారంలో గడించినవాడు. దేశంలో కంట్రీ పార్కులకు చట్టరూపం ఇచ్చిన కంట్రీసైడ్ యాక్ట్ 1968లో గాని రాలేదు. మీ మామగారికి ఈ సంగతి నచ్చుతుందని అనుకుంటున్నాను.

కాలిబాట (కోల్‌విల్)

పాతకాపు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను గాని, రోజంతా బ్రాడ్‌గేట్‌లోనే గడపనవసరం లేదు. బీకన్ హిల్ కంట్రీ పార్కు అక్కడికి కారులో కొద్ది దూరమే. మధ్యాహ్నం దాకా బ్రాడ్‌గేట్‌లో ఉండి, భోజనం చేసుకుని, సాయంత్రం బీకన్ హిల్ చూసుకుంటే రెండూ పూర్తవుతాయి. దాని శిఖరం 248 మీటర్లు. జిల్లాలో 278 మీటర్ల బార్డన్ హిల్ తరువాత ఎత్తయినది అదే. కంచుయుగం నాటి కోట ఆనవాళ్లు కొండ మీద ఉన్నాయి. పై పార్కింగులో కారు ఆపితే శిఖరం దగ్గర పడుతుంది, అంత ఎత్తు ఎక్కిన కష్టమే తెలియదు. లఫ్‌బరో పక్కనే కనుక ఇంటికి వెళ్లే దారిలోనే ఉంటుంది.

పాతకాపు (లెస్టర్)

కాలిబాట గారూ, మీరూ నేనూ వెళ్తే అలాగే చేస్తాము. మూడేళ్ల పిల్లవాడు, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ఉన్నప్పుడు రెండు పార్కులు అంటే రెండుసార్లు కారెక్కి దిగడం, రెండుసార్లు పార్కింగుకు కట్టడం, రెండుసార్లు టాయిలెట్లు వెతకడం. మన ఇళ్లలో ఊరి నుంచి పెద్దలు వచ్చారంటే చూపించవలసిన చోట్ల జాబితా ఒకటి గోడకెక్కుతుంది. దానిని పూర్తిచేసే తొందరలో ఎవరికీ ఎక్కడా కాసేపు కూర్చోవడం కుదరదు. ఇవి టికెట్టు కొని చూసివచ్చే వింతలు కావు. ఏటి పక్కన రెండు గంటలు ఊరికే కూర్చున్నా రోజు వృథా అయినట్టు కాదని నా ఉద్దేశం. బీకన్ హిల్‌ను వేరే రోజుకు ఉంచండి. అక్టోబరు చివరలో ఆకులు రంగు మారినప్పుడు ఆ కొండ మరింత బాగుంటుంది.

చిట్టిబూట్లు (బర్‌స్టాల్)

కుక్కల సంగతి ఎవరూ రాయలేదు కనుక నేను రాస్తున్నాను. మా చిన్నదానికీ అదే భయం. ఇక్కడి కంట్రీ పార్కులన్నిటిలోనూ కుక్కలు ఉంటాయి, చాలా చోట్ల గొలుసు లేకుండానే పరుగెత్తుతాయి. బ్రాడ్‌గేట్‌లో జింకలు ఉన్నందున కొన్ని భాగాలలో గొలుసు తప్పనిసరి. బోర్డులు చూసి ఆ వైపు కూర్చోండి. ఏదైనా కుక్క దగ్గరకు వస్తే పిల్లలు అరుస్తూ పరుగెత్తకూడదు, పరుగెత్తితే అది ఆట అనుకుని వెంటపడుతుంది. చేతులు కట్టుకుని, కదలకుండా, దాని వైపు చూడకుండా నిలబడమని ఇంట్లోనే ఒకటి రెండుసార్లు ఆడిస్తూ నేర్పించండి. కుక్కను కాస్త పిలుచుకోమని యజమానిని మర్యాదగా అడగడానికి మొహమాటపడవద్దు. మన వాళ్లు అడగకుండా పిల్లవాడిని చంకనెత్తుకుని పక్కకు తప్పుకుంటారు, అందువల్ల పిల్లల భయం ఇంకా పెరుగుతుంది.

నా వరకు, చిన్నపిల్లలతో మొదటిసారి వెళ్లడానికి బ్రాడ్‌గేట్ కంటే వాటర్‌మీడ్ కంట్రీ పార్కు నయం. సోర్ నది పక్కన ఒకప్పుడు కంకర తవ్విన గోతులన్నీ ఇప్పుడు చెరువులయ్యాయి. చుట్టూ బాట చదునుగా ఉంటుంది. హంసలు, బాతులు, నారాయణ పక్షులు, చెట్ల మీద రెక్కలారబెట్టుకునే నీటికాకులు దండిగా కనిపిస్తాయి. పెద్ద మామత్ ఏనుగు విగ్రహం ఒకటి ఉంది, పిల్లలు దాని దగ్గర నుంచి ఒక పట్టాన కదలరు. కారు లేనివారు కూడా లెస్టర్ నుంచి బర్‌స్టాల్‌కు సిటీ బస్సులో వచ్చి నడిచి చేరుకోవచ్చు. ఒక్క హెచ్చరిక: ఇది నది పల్లపు నేల, గట్టి వానలు పడిన తరువాత బాటలు మునుగుతాయి. అలాంటి వారంలో వేరే చోటు చూసుకోండి.

రాతిపలక (లెస్టర్)

మీ అమ్మాయి ప్రతిదానికీ ఎందుకని అడుగుతుందని రాశారు కనుక ఈ మాట. బ్రాడ్‌గేట్‌లోను, బీకన్ హిల్ మీద గరుకుగా పైకి పొడుచుకు వచ్చిన బండలలోను కనిపించే రాయి సుమారు 56 కోట్ల సంవత్సరాల నాటిది. ఈ చార్న్‌వుడ్ ప్రాంతం అప్పుడు సముద్రగర్భం, పక్కనే అగ్నిపర్వతాలు. అవి కక్కిన బూడిద నీటి అడుగున పొరలు పొరలుగా పేరుకుని రాయి అయింది. అప్పటి భూమి మీద చేపలు లేవు, చెట్లు లేవు. అంత పాత రాళ్లలో జంతుజాలపు అచ్చులు ఉండవని శాస్త్రజ్ఞులు గట్టిగా నమ్ముతూ ఉండగా, 1957లో రోజర్ మేసన్ అనే బడిపిల్లవాడు స్నేహితులతో కలిసి చార్న్‌వుడ్‌లో బండలెక్కుతూ ఫెర్న్ ఆకు ఆకారంలో ఉన్న ఒక అచ్చును గమనించాడు. అంతకు ఏడాది ముందే టీనా నెగస్ అనే అమ్మాయి దానిని చూసి బడిలో చెబితే, అంత పాత రాతిలో అలాంటివి ఉండవని టీచరు కొట్టిపారేసింది. దానికి తరువాత చార్నియా అని పేరు పెట్టారు. అసలు రాయి ఇప్పుడు లెస్టర్ న్యూ వాక్ వీధిలోని లెస్టర్ మ్యూజియం అండ్ ఆర్ట్ గ్యాలరీలో ఉంది, ప్రవేశం ఉచితం. వాన పడి పార్కుకు వెళ్లడం కుదరని రోజున అక్కడికి తీసుకువెళ్లండి, తరువాత కొండ మీద అదే వయసు బండను చేత్తో తడిమి చూడమనండి. సుత్తితో కొట్టడం, ముక్కలు తీసుకుపోవడం మాత్రం నిషిద్ధం.

బ్రాడ్‌గేట్ పక్కనున్న స్విత్‌లాండ్ వుడ్ పేరు కూడా చెప్పాలి. అక్కడ ఒకప్పుడు పలకరాయి తీసేవారు. ఇక్కడి పాత ఇళ్ల కప్పులు, చర్చి ఆవరణలలోని సమాధి రాళ్లు చాలావరకు ఆ పలకే. నీటితో నిండిన లోతైన క్వారీ చుట్టూ కంచె ఉంది, పిల్లల చేయి వదలవద్దు. అయితే ఆ అడవికి అసలైన కాలం బ్లూబెల్ పూలు విరగబూసే ఏప్రిల్ చివర, మే మొదటి రోజులు. మీ అత్తగారు, మామగారు ఆరు నెలలుండి మార్చిలో వెళ్లిపోతే ఆ పూలు వారికి దక్కవు.

గోదావరిగట్టు (లఫ్‌బరో)

అందరికీ కృతజ్ఞతలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. మొదటి ఆదివారం వాటర్‌మీడ్, తరువాత బ్రాడ్‌గేట్ అని ఇంట్లో నిర్ణయించుకున్నాము. మరి కొన్ని సందేహాలు. బ్రాడ్‌గేట్ జింకల దగ్గరికి పిల్లలను తీసుకువెళ్లవచ్చా? అత్తగారు చీర తప్ప మరొకటి కట్టరు. ఆ బాటల మీద ఫరవాలేదా? తిండి ఇంటి నుంచి తీసుకువెళ్లడమే మంచిదా?

పాతకాపు (లెస్టర్)

జింకల విషయం ముందు చెబుతాను, ఎందుకంటే మీరు వెళ్లబోయే కాలం అలాంటిది. బ్రాడ్‌గేట్‌లో రెండు రకాలున్నాయి: పెద్దవైన రెడ్ డీర్, మన చుక్కల దుప్పిని పోలిన ఫాలో డీర్. సెప్టెంబరు చివర నుంచి అక్టోబరంతా ఇవి జత కట్టే కాలం. మగవి రంకెలు వేస్తూ, కొమ్ములు కొమ్ములు తాకించి పోట్లాడుకుంటాయి. చూడడానికి ఏడాదిలో ఇంతకంటే మంచి కాలం లేదు, దగ్గరికి పోవడానికి ఇంతకంటే చెడ్డ కాలమూ లేదు. కనీసం 50 మీటర్ల దూరం ఉంచండి. మగదానికీ ఆడ మందకూ మధ్యకు ఎట్టి పరిస్థితిలోనూ వెళ్లకండి. రొట్టెలు, అరటిపండ్లు పెట్టకండి. అవి పెంపుడు జంతువులు కావు. తిరుమల కొండ మీద జింకల పార్కును చూసి వచ్చిన కళ్లకు ఇక్కడ కంచె కనిపించకపోయేసరికి మన పెద్దలు ముచ్చటపడి చేయి చాపుతారు. ఆ ముచ్చటను బైనాక్యులర్స్‌తో తీర్చండి.

ఫెర్న్ పొదల్లో పిడుదులు కూడా ఉంటాయి. పొదల్లోకి దిగే పిల్లలకు పొడవు ప్యాంటు వేసి, అంచులు మేజోళ్లలోకి దోపండి. ఇంటికి వచ్చాక మోకాళ్ల వెనుక, చంకల్లో, జుట్టులో చూడండి. కరుచుకుని ఉంటే సన్నని మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిదానంగా పైకి లాగాలి. నూనె పోయడం, కాల్చడం వంటి ఇంటి వైద్యాలు పనికిరావు. తరువాతి వారాలలో ఆ చోట ఎర్రని మచ్చ చుట్టూ విస్తరిస్తే లైమ్ వ్యాధి కావచ్చు, వెంటనే జీపీకి (ఇక్కడి కుటుంబ వైద్యుడికి) చూపించాలి.

చిట్టిబూట్లు (బర్‌స్టాల్)

చీర సంగతి నేను చెబుతాను. తారు బాట మీద ఏ ఇబ్బందీ లేదు. గడ్డి మీద మాత్రం అక్టోబరులో మధ్యాహ్నం దాకా మంచు తడి ఆరదు, కుచ్చిళ్లు తడిసి బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయి. కాస్త పొట్టిగా కట్టుకుని, లోపల వెచ్చని లెగ్గింగ్స్, కాళ్లకు పట్టున్న కాన్వాసు బూట్లు వేసుకుంటే చాలు. మా అమ్మ మొదట బూట్లు చీరకు నప్పవని మారాం చేసింది గాని, చెప్పులతో బురదలో ఒక్కసారి జారబోయాక ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

తిండి ఇంటి నుంచే తీసుకువెళ్లండి. బ్రాడ్‌గేట్ మధ్యలో డీర్ బార్న్ అనే టీ గది ఉంది. టీ, కేకులు దొరుకుతాయి గాని మన పెద్దలకు అది భోజనం కాదు. పులిహోర, చపాతీ, బంగాళాదుంప వేపుడు చల్లారినా బాగుంటాయి. దద్దోజనం ఎండాకాలానికి ఉంచుకోండి. ఫ్లాస్కులో టీ మరిచిపోకండి. కింద పరుచుకోవడానికి అడుగున రబ్బరు పొర ఉన్న చాప కొనుక్కోండి, మామూలు దుప్పటి పది నిమిషాలలో తడి పీల్చుకుంటుంది. అత్తగారికి మడత కుర్చీ తప్పనిసరి. నేల మీద కూర్చోవడం కంటే లేవడం కష్టం కదా.

సంఘంపనులు (లెస్టర్)

చర్చ మంచి సమయానికి వచ్చింది. మా తెలుగు కుటుంబాలవారు ఈసారి కార్తీక వనభోజనాలు ఏదైనా కంట్రీ పార్కులో పెడదామంటున్నారు. నలభై కుటుంబాల దాకా వస్తారు. గ్యాస్ పొయ్యి పెట్టుకుని అక్కడే వేడివేడిగా వండుకోవచ్చా? ఏ పార్కు అనుకూలమో చెప్పగలరు.

కాలిబాట (కోల్‌విల్)

సూటిగా చెబుతున్నందుకు ఏమీ అనుకోకండి. పొయ్యి ఆలోచన మానుకోండి. ఎండిన గడ్డి, ఫెర్న్, హీదర్ పొదలు ఉన్న నేల ఇది; నిప్పుకూ బార్బెక్యూలకూ అనుమతి లేదు. అంతమంది ఒకేచోట చేరే కార్యక్రమం అంటే పార్కు నిర్వాహకుల అనుమతి ముందుగా తీసుకోవాలి కూడా. బ్రాడ్‌గేట్ ఒక ట్రస్టు చేతిలో ఉంది. బీకన్ హిల్ కౌంటీ కౌన్సిల్‌ది. వాటర్‌మీడ్‌లో ఒక భాగం సిటీ కౌన్సిల్‌ది, మరొక భాగం కౌంటీ కౌన్సిల్‌ది. ఎవరికి రాయాలో ముందు తేల్చుకోండి.

ఇక కార్తీక మాసం. నవంబరు నడిమికి ఇక్కడ సాయంత్రం నాలుగుంపావుకే సూర్యుడు అస్తమిస్తాడు. నేల చిత్తడి, చలి, పైన ముసురు. ఉసిరిచెట్టు ఎలాగూ లేదు, దాని కింద కూర్చునే వాతావరణమూ లేదు. ఆ నెలలోనే జరపాలన్న పట్టింపు ఉంటే, పార్కు దగ్గరి పల్లెలో ఏదైనా విలేజ్ హాలు అద్దెకు తీసుకోండి. పొద్దున్న అందరూ కలిసి నడిచి, మధ్యాహ్నం హాలులో వేడిగా వడ్డించుకోవచ్చు, పూజా అక్కడే చేసుకోవచ్చు. పట్టింపు లేకపోతే ఆగస్టులో పెట్టుకోండి. అప్పుడు రాత్రి ఎనిమిది దాటినా వెలుతురు ఉంటుంది. వనంలో కలిసి తినడం ముఖ్యమా, నెల ముఖ్యమా అన్నది మీ సంఘం తేల్చుకోవలసిన సంగతి.

రాతిపలక (లెస్టర్)

నాకు తిథిని పక్కన పెట్టడం అంతగా నచ్చలేదు గాని, కాలిబాట గారి హాలు సలహా రెండిటినీ కలుపుతున్నది. ఒకటి మాత్రం చేర్చాలి. ఎక్కడ తిన్నా, మిగిలిన అన్నం పక్షులకని చల్లి రాకండి. నీటిలో పడిన తిండి కుళ్లి చెరువును పాడుచేస్తుంది, గట్టున పడినది ఎలుకలను పెంచుతుంది. ప్లాస్టిక్ సంచులను జింకలు తిని చచ్చిపోయే ప్రమాదం ఉంది. డబ్బా నిండిపోయి ఉంటే చెత్తను కారులో ఇంటికి తీసుకుపోవడమే ఇక్కడి రివాజు.

లాకులవాసి (మార్కెట్ హార్‌బరో)

జిల్లా ఉత్తరంతోనే ఆగిపోయారు. దక్షిణాన మా ఫాక్స్‌టన్ లాక్స్ కంట్రీ పార్కును మరవకండి. గోదావరి నుంచి వస్తున్న పెద్దాయన అని రాశారు కనుక ప్రత్యేకంగా చెబుతున్నాను. ధవళేశ్వరంలో కాలువ లాకులు (పడవను ఒక నీటిమట్టం నుంచి మరొకదానికి చేర్చే తలుపుల అరలు) చూసినవారికి ఇవి చటుక్కున అర్థమవుతాయి. 1814లో తెరిచిన ఈ చోట పది లాకులు మెట్లవరుసలో ఉండి, పడవను సుమారు 75 అడుగులు పైకి ఎక్కిస్తాయి. ఒక పడవ దాటడానికి దాదాపు ముప్పావు గంట పడుతుంది. పడవలవాళ్లు తలుపులు తోసేటప్పుడు పిల్లలు కూడా ఓ చేయి వేయవచ్చా అని అడిగితే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. పక్కనే 1900లో పడవలను నీటితొట్టెలలో ఉంచి ఆవిరి యంత్రంతో గట్టు మీదుగా లాగడానికి కట్టిన వాలుదారి గుర్తులు కూడా ఉన్నాయి. లాకుల పక్క బాట వాలుగా ఉంటుంది కనుక అత్తగారు కిందిగట్టునే కూర్చుంటే మేలు. మూడేళ్లవాడిని తోపుడు కుర్చీలో బెల్టు పెట్టి ఉంచండి. నీరు లోతు, గట్టుకు కంచె లేదు.

గోదావరిగట్టు (లఫ్‌బరో)

లాకులు అనగానే మామగారు ఫోనులోనే ఉత్సాహపడిపోయారు. ఆయన చిన్నతనమంతా కాలువ గట్టునే గడిచిందట. అయితే బ్రాడ్‌గేట్‌ను పిల్లల అక్టోబరు సెలవులకు ఉంచి, ముందు ఫాక్స్‌టన్ వెళ్తాము. చివరిగా ఒక ప్రశ్న: ఆ సెలవుల వారంలో బ్రాడ్‌గేట్ కిటకిటలాడుతుందా?

పాతకాపు (లెస్టర్)

లెస్టర్‌షైర్ బడులకు అక్టోబరు సెలవులు సాధారణంగా మిగిలిన జిల్లాల కంటే ఒక వారం ముందు వస్తాయి కనుక బయటివారి తాకిడి కొంత తక్కువే గాని, మన జిల్లావారందరూ అక్కడే ఉంటారు. శని, ఆదివారాలు వదిలి మంగళ, బుధవారాలలో వెళ్లండి. పొద్దున్న తొమ్మిదిన్నరకల్లా న్యూటౌన్ లిన్‌ఫోర్డ్‌లో ఉంటే పార్కింగు దొరుకుతుంది. పదకొండు దాటితే ఊరి వీధిలో కార్ల బారు మొదలవుతుంది. ఆ వేళకు మగజింకల రంకెలు కూడా ఇంకా వినిపిస్తూ ఉంటాయి. మామగారిని, అమ్మాయిని భోజనానికి ముందే ఓల్డ్ జాన్‌కు పంపించండి. 1784లో కట్టిన ఆ బురుజు 212 మీటర్ల ఎత్తున ఉంది, పిడి ఉన్న బీరు మగ్గులా కనిపిస్తుంది. దాని దగ్గరలోనే లెస్టర్‌షైర్ యోమన్రీ (స్వచ్ఛంద గుర్రపు దళం) సైనికుల స్మారకం కూడా చూడవచ్చు. దిగి వచ్చేటప్పుడు అడ్డదారులు పట్టకుండా వెడల్పు బాటనే రమ్మనండి, తడి గడ్డి మీద జారుతుంది. గడియారాలు వెనక్కి తిప్పేది అక్టోబరు చివరి ఆదివారం కనుక మీ వారానికి సాయంత్రం ఆరు దాకా వెలుతురు ఉంటుంది, తొందరపడనవసరం లేదు.